రోడ్డు పైపొర ఎన్నేళ్లు నిలుస్తుందో లెక్కగట్టే ఉద్యోగం

ప్రశ్న: సివిల్ ఇంజినీరింగ్ మూడో ఏడాది చదువుతున్నాను. పైథాన్ వచ్చు. రోడ్ల పైపొర మళ్లీ ఎప్పుడు వేయాలో ముందే అంచనా వేసే ఉద్యోగాలు ఉంటాయట. వాటికి ఏం నేర్చుకోవాలి?

జవాబు: ఈ విభాగాన్ని పేవ్‌మెంట్ మేనేజ్‌మెంట్ అంటారు. రోడ్ల శాఖలు, కన్సల్టెన్సీలు, సర్వే కంపెనీలు తీసుకుంటాయి. పైథాన్ వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. రోడ్డు ఎందుకు చెడుతుందో తెలిసినవాళ్లే తక్కువ.

తారు ఎండకూ గాలికీ ఏళ్ల తరబడి గట్టిపడి పెళుసెక్కుతుంది. కంకర రాలుతుంది, సన్న పగుళ్లు వస్తాయి. వాటిలోంచి నీళ్లు దిగితే కింది పొరలు మెత్తబడతాయి. 4 నుంచి 8 మిల్లీమీటర్ల మందం ఉండే మైక్రో సర్ఫేసింగ్ (తారు ఎమల్షన్‌లో సన్న కంకర కలిపి పరిచే పల్చటి పొర; ఇలాంటి పూతలనే సీల్ అంటారు) ఆ నీటిని ఆపుతుందే గానీ రోడ్డుకు బలం ఇవ్వదు. చక్రాల దారిలో మొసలి చర్మంలా పగుళ్లు కనిపించాయంటే సీల్ వేసే అదను దాటిపోయినట్టే. ఇక బరువు సంగతి: ఇరుసు బరువు రెట్టింపైతే నష్టం సుమారు 16 రెట్లు. కాబట్టి ఎన్ని వాహనాలు తిరిగాయని కాదు, ఎంత బరువువి తిరిగాయని అడగండి.

కొత్తవాళ్లు ఎక్కువగా బోల్తాపడేది డేటా దగ్గర. రోడ్డులో ఒక ముక్కకు పీసీఐ (100కి రోడ్డు స్థితి మార్కు) వరసగా 71, 64, 83 అని ఉందనుకోండి. రోడ్డు దానంతటది బాగుపడదు. మధ్యలో ఎవరో సీల్ వేసి రికార్డులో రాయలేదు. ఆ వరసను అక్కడే తెంచి రెండుగా చూడాలి. రెండు సర్వేల చైనేజీ (రోడ్డు మొదలు నుంచి కొలిచిన దూరం) 80 మీటర్లు తేడాగా ఉన్నా ఇలాంటి వింతలే వస్తాయి.

ఇంకోటి. 100 ముక్కల్లో 40కి సగటున ఆరేళ్లకు మళ్లీ సీల్ వేశారు, మిగతా 60 ఇంకా బాగానే ఉన్నాయనుకుందాం. ఆయుష్షు ఆరేళ్లని రాస్తే తప్పు. ఆ 60 ఇప్పటిదాకా నిలిచిన కాలాన్నీ లెక్కలోకి తెచ్చేదే సర్వైవల్ అనాలిసిస్. కప్లన్-మయర్, వైబుల్ పద్ధతులతో మొదలుపెట్టండి. మార్కోవ్ చెయిన్లు (రోడ్డు ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి మారే అవకాశాల లెక్క) తర్వాత. న్యూరల్ నెట్‌వర్కుల జోలికి ఇప్పుడే పోకండి. పైగా సీల్ వేసిన తేదీ రోడ్డు చెడిన తేదీ కాదు, చాలాసార్లు నిధులు వచ్చిన తేదీ!

ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌లోంచి డేటా తీసే భాష), క్యూజీఐఎస్ (మ్యాపుల సాఫ్ట్‌వేర్) కూడా పట్టండి. ప్రాజెక్టుకు చివరి ఏడాది సర్వేను పక్కన పెట్టి, పాత డేటాతో దాన్ని ఊహించి, ఎక్కడ ఎందుకు తప్పిందో రాయండి. ఇంటర్వ్యూలో ఆ తప్పుల పేజీనే ముందు చూపించండి.