బంతి విత్తనాలను రసాయనంలో నానబెడితే కొత్త రంగు వస్తుందా?

దుకాణంలో కొన్న హైబ్రిడ్ బంతి విత్తనాలను ఉత్పరివర్తక రసాయనంలో, అంటే జన్యువుల్లో మార్పు తెచ్చే రసాయనంలో నానబెట్టి, వచ్చే బతుకమ్మ నాటికి ఎవరి దగ్గరా లేని రంగు పూయించవచ్చా అని షాద్‌నగర్ దగ్గర పూలు సాగు చేసే మీరు అడిగారు. కొత్త రంగు రావచ్చు గాని, ఈ బతుకమ్మకు రాదు, ఆ ప్యాకెట్ విత్తనంతో మొదలుపెడితే వచ్చినదేమిటో తెలియదు కూడా. నల్లగొండలో డిగ్రీ విద్యార్థులకు వృక్షశాస్త్రం చెబుతూ, బంతి, బిళ్ళ గన్నేరు విత్తనాల మీద ఈ ప్రయోగాలు చేయించిన అనుభవంతో రాస్తున్నాను.

ముందుగా విత్తనం సంగతి. హైబ్రిడ్ ప్యాకెట్‌లోని మొక్కలన్నీ ఒకేలా పూసినా, వాటి గింజలు తీసి మళ్ళీ విత్తితే ఏ రసాయనమూ తగలకుండానే ఎత్తు, రంగు, రేకుల వరుసలు రకరకాలుగా విడిపోతాయి. రసాయనంలో నానిన హైబ్రిడ్ విత్తనం రెండో తరంలో లేత పసుపు మొక్క కనిపిస్తే, అది ఉత్పరివర్తన వల్ల వచ్చిందో, తల్లిదండ్రుల లక్షణాలు విడిపోవడం వల్ల వచ్చిందో చెప్పడానికి ఆధారం ఉండదు. మా విద్యార్థులు ప్రతి ఏడాదీ తొందరపడి సంబరపడేది ఇక్కడే. అందుకే కొన్ని తరాలుగా ఒకే తీరుగా పూస్తున్న నాటు రకంతో మొదలుపెట్టాలి, అదే రకం విత్తనాన్ని నీటిలో మాత్రమే నానబెట్టి పక్క సాళ్ళలో పోలిక కోసం పెంచాలి. చిన్న బంతి కంటే పెద్ద బంతి మేలు. పెద్ద బంతిలో ఒక్కో క్రోమోజోముకు రెండు నకళ్ళే, చిన్న బంతిలో నాలుగు. అందువల్ల చిన్న బంతిలో ఒక జన్యువు నకలు ఒకటి చెడినా మిగిలిన నకళ్ళు ఆ మార్పును కప్పిపుచ్చుతాయి.

ఈ పనికి ఎక్కువగా వాడేది ఇథైల్ మీథేన్ సల్ఫొనేట్. అది డీఎన్ఏలో అక్షరాల్లాంటి నాలుగు భాగాల్లో ఒకటైన గ్వానిన్‌కు అంటుకుంటుంది. అలా మారిన గ్వానిన్, డీఎన్ఏ నకలు తయారయ్యేటప్పుడు తన మామూలు జోడు సైటోసిన్‌తో కాక థైమిన్‌తో జతకడుతుంది. ఏ జన్యువులో అలా జరుగుతుందో మన చేతిలో ఉండదు. ఇలాంటి మార్పుల్లో ఎక్కువ భాగం ఉన్న పనిని చెడగొట్టేవే. పెద్ద బంతికి పసుపు, నారింజ రంగులనిచ్చేది ల్యూటిన్ జాతి వర్ణకాలు కాబట్టి, వాటి తయారీలో ఒక మెట్టు తెగితే రంగు పలచబడి లేత పసుపు వైపో, తెలుపు వైపో పోవచ్చు. నీలి బంతి కోసం మాత్రం ఎదురుచూడకండి. పొట్టి మొక్క, ఆలస్యంగా పూయడం, రేకుల ఆకారం మారడం వంటివి రంగు కంటే తరచుగా కనిపిస్తాయి.

మొదటి తరంలో ఆకులు ముడుచుకోవడం, మచ్చలు, గింజ పట్టకపోవడం చాలావరకు రసాయనం చేసిన గాయాలే గాని వారసత్వంగా వచ్చేవి కావు. విత్తనంలోని పిండంలో అనేక కణాలుంటాయి, మార్పు వాటిలో ఒక దానికే తగలడంతో మొక్కలో ఒక కొమ్మ మారి, పక్క కొమ్మ మామూలుగా ఉండవచ్చు. అందుకని ఒక్కో మొక్కలో ఒక్కో పువ్వు గింజను విడిగా సంచిలో వేసి, రెండో తరంలో విడివిడి వరుసలుగా పెంచాలి. అణిగి ఉన్న లక్షణాలు బయటపడేది అక్కడే, అదీ ఒక వరుసలో నాలుగింట ఒక వంతు మొక్కల్లోనో, అంతకంటే తక్కువగానో. తేనెటీగలు పక్క చేను పుప్పొడి తెచ్చి కలిపితే ఈ లెక్క చెడుతుంది కాబట్టి, మొగ్గ దశలోనే పల్చటి గుడ్డ సంచి కట్టాలి. పూర్తిగా ముద్దగా ఉండే పూలలో పుప్పొడినిచ్చే మధ్య పూలు తక్కువ గనక, అలాంటి రకం ఎంచుకుంటే సొంత గింజ సరిగా పట్టదు.

మోతాదు కోసం తక్కువ నుంచి ఎక్కువ వరకు కొన్ని గాఢతల్లో, సాధారణంగా 0.1 నుంచి 1 శాతం మధ్య, కొద్ది కొద్ది విత్తనాలు వేసి, మొలకశాతమో, నారు పెరుగుదలో సగానికి పడే గాఢతను చూసి, దానికి కొంచెం తక్కువ మోతాదు ఎంచుకుంటాము. మా బోర్ల నీళ్ళు ఫ్లోరైడ్‌తో పాటు క్షారగుణంతో ఉంటాయి, కాబట్టి స్వేదనజలమే వాడతాము; ఇదే పనికి వాడే మరో రసాయనం సోడియం అజైడ్‌కు పీహెచ్ 3 దగ్గర ఉండే ఆమ్ల ద్రావణం కావాలి, బోరు నీటితో కలిపితే ఆ ఆమ్లగుణం నిలవదు. నీటిలో ఇథైల్ మీథేన్ సల్ఫొనేట్ క్రమంగా విడిపోతుంది, వేడిమి పెరిగేకొద్దీ ఇంకా తొందరగా విడిపోతుంది, అందువల్ల ఎండాకాలం గదిలో నానబెడితే ఫలితం మారిపోతుంది.

ఇవేవీ ఇంటి పనులు కావు. ఇథైల్ మీథేన్ సల్ఫొనేట్ క్యాన్సర్ కలిగించగల పదార్థంగా వర్గీకరించినది. సోడియం అజైడ్ మింగితే ప్రాణాంతకం, ఆమ్లం తగిలితే విషవాయువు వస్తుంది, రాగి, సీసపు గొట్టాల్లో పేరుకుంటే పేలుతుంది. ఆవిరులను బయటికి లాగే ఫ్యూమ్‌హుడ్, చేతితొడుగులు, ఇథైల్ మీథేన్ సల్ఫొనేట్‌ను నిర్వీర్యం చేసే సోడియం థయోసల్ఫేట్‌తో కడుగుడు ఉన్న ప్రయోగశాలలోనే చేయించండి. కోల్చిసిన్‌ను కొందరు ఇదే కోవలో చెబుతారు. అది మన పొదల్లో పెరిగే అడవినాభి దుంపలోనూ ఉండే విషం, జన్యువును కాక క్రోమోజోముల సంఖ్యను రెట్టింపు చేస్తుంది.

మీకు చామంతి కూడా ఉందన్నారు కదా, నా సలహా అయితే రంగు వెతకాల్సింది అక్కడ. చామంతిని గింజతో కాక పిలకలు, కొమ్మ ముక్కలతో పెంచుతారు కనుక, మొక్కలో ఒక కొమ్మ వేరే రంగు పూస్తే దాన్ని ముక్కగా తీసి అలాగే నిలుపుకోవచ్చు. పూత కాలంలో రోజూ సాళ్ళు తిరిగి, అలాంటి కొమ్మకు దారం కట్టి, మొగ్గలు తుంచి ముక్క నాటండి.