నర్సమ్మతో నాలుగు మాటలు: అలారం జవాబు అడగదు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఫోన్ల గురించే. నేను 31 ఏళ్లు వార్డులో పనిచేసి రిటైరైన నర్సుని. ఏ ఫోను కొనాలో నన్నడిగితే చెప్పలేను. ఆ ఫోను పట్టుకున్న పేషెంటు ఎలా ఉంటారో మాత్రం బాగానే తెలుసు.

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు, ఒక్కరే ఉంటారు. బ్లూటూత్ బీపీ మిషను కొనిచ్చాను. ఆయన చూసుకోగానే అంకె నా ఫోన్లోకి వచ్చేస్తుంది. మొదట్లో ధైర్యంగా ఉండేది. ఇప్పుడాయన రోజుకి పదిసార్లు చూసుకుంటున్నారు. 150 దాటిందంటే నేను ఆఫీసులోంచి ఫోన్ చేస్తాను. నేను చేశానంటే ఆయన మళ్లీ చూసుకుంటారు, అది ఇంకా పెరుగుతుంది. మాత్రలకి అలారం కూడా పెట్టాను. అది మోగితే కట్టేసి ఊరుకుంటున్నారు. ఏం చెయ్యను మేడమ్?

జవాబు: అమ్మా, మిషను బాగానే ఉన్నట్టుంది. మీరిద్దరే ఒకరి టెన్షన్ ఒకరు పెంచుకుంటున్నారు.

బీపీ రోజంతా ఒక్కలా ఉండదు. మెట్లెక్కి వచ్చినా, బాత్రూమ్‌కి వెళ్లాల్సి ఉన్నా, కాలు మీద కాలు వేసుకున్నా పెరుగుతుంది. మాట్లాడుతూ చూసుకున్నా పెరుగుతుంది. మీరు ఫోన్లో "ఎంతొచ్చింది, ఎంతొచ్చింది" అంటుండగా ఆయన పట్టీ కట్టుకుంటే ఏమొస్తుందో మీరే ఆలోచించండి.

డాక్టర్లు అడిగే పద్ధతి ఇదీ: ఒక వారం పాటు ఉదయం రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు. అరగంట ముందునుంచి కాఫీ, సిగరెట్టు వద్దు. కుర్చీలో వెనక్కి ఆనుకుని, పాదాలు నేలకి ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి, ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. ఒకసారి చూసి, నిమిషం ఆగి మళ్లీ చూడాలి. మొదటి రోజు అంకెలు తీసేసి మిగతావాటి సగటు కట్టాలి. ఆస్పత్రిలో 140/90 ని గీతగా పెట్టుకుంటారు గానీ ఇంట్లో చూసుకున్న సగటుకి ఆ గీత 135/85. తెల్లకోటు కనపడితే చాలామందికి బీపీ ఎగురుతుంది కాబట్టే ఆ తేడా. ఆ సగటు చూపించి, మీ నాన్నగారికి ఎంత ఉంటే చాలో ఆయన డాక్టర్‌నే అడగండి.

180/120 దాటి, దాంతోపాటు ఛాతీనొప్పి, ఆయాసం, మాట తడబడటం, చెయ్యో కాలో పట్టు తప్పడం ఉంటే మాత్రం సగటులూ వద్దు, మెసేజ్‌లూ వద్దు. వెంటనే అంబులెన్స్. ఇవేమీ లేకుండా అంకె ఒక్కటే అంత ఉంటే కాసేపు కూర్చుని మళ్లీ చూసి, తగ్గకపోతే ఆ రోజే డాక్టర్‌తో మాట్లాడాలి.

ఇక మాత్రల సంగతి. అలారం గంట కొడుతుంది, అంతే. వేసుకోకపోతే ఎందుకు వేసుకోలేదని అడగదు. మా వార్డుకి ఒక పెద్దాయన కాళ్లు వాచి పదేపదే వచ్చేవారు. ఒంట్లో నీరు తగ్గించే మాత్ర వేసుకోవడం లేదని అందరికీ తెలుసు. అందరం తిట్టాం, నేనూ తిట్టాను. ఒకరోజు సెలైన్ మారుస్తూ ఊరికే అడిగాను: "ఆ మాత్రంటే ఎందుకండీ అంత కోపం?" ఉదయం అది వేసుకుని బస్సెక్కితే దారిలో బాత్రూమ్ దొరకదట. ఒకసారి పంచె తడిసిందట. ఆ మాట పెళ్లాంతో కూడా చెప్పలేదు. డాక్టర్ గారు మాత్ర వేళ మార్చారు. ఏ యాప్‌లో అయినా ఆయన పేరుకెదురుగా ఎర్ర చుక్కలే ఉండేవి, బస్సు సంగతి ఉండేది కాదు.

కెన్యాలో జరిగిన ఒక పరిశోధన నాకు చాలా ఇష్టం. 2010లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. హెచ్ఐవీ మందులు మొదలుపెట్టిన 538 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి వారానికోసారి క్లినిక్ నర్సు ఎస్ఎంఎస్ పంపేది. అందులో ఉండేది ఒక్క ముక్క: "మాంబో?" స్వాహిలీలో ఎలా ఉన్నావని. మాత్ర ఊసే లేదు. వాళ్లు రెండు రోజుల్లోగా "సావా", అంటే బాగున్నానని, లేదా "షీదా", అంటే ఇబ్బందిగా ఉందని జవాబివ్వాలి. షీదా అన్నవాళ్లకీ, జవాబివ్వనివాళ్లకీ నర్సు ఫోన్ చేసేది. నూటికి 95 వంతుల మాత్రలైనా వేసుకున్నామని చెప్పినవాళ్లు ఆ జట్టులో 62 శాతం, మెసేజ్ అందని జట్టులో 50 శాతం. రక్తపరీక్షలో కూడా మొదటి జట్టే మెరుగ్గా ఉంది. స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, మామూలు ఫోను చాలు. ముఖ్యంగా కావాల్సింది ఆ నర్సు టైమే.

కాబట్టి మీ ఫోన్లో ఆ నోటిఫికేషన్లు కట్టేయండి. వారానికోసారి ఇద్దరూ కూర్చుని సగటు చూడండి. రోజూ పొద్దున్న "ఎలా ఉంది నాన్నా?" అని అడగండి, బీపీ మాటెత్తకుండా. నాలుగో రోజో ఐదో రోజో ఆయనే చెబుతారు ఆ మాత్రతో తన గొడవేమిటో.

ప్రశ్న: కెమెరా మీద వేలు పెడితే బీపీ చెప్పే యాప్ ఒకటి దొరికింది. నాకెప్పుడూ నార్మలే చూపిస్తోంది. పట్టీ మిషను ఎవరికైనా ఇచ్చేయొచ్చా? సూది లేకుండా షుగర్ చూసే వాచీ కూడా తీసుకుందామనుకుంటున్నాను.

జవాబు: మిషను ఉంచుకోండి, యాప్ తీసేయండి. కెమెరా మీద వేలు పెడితే నాడి వేగం తెలుస్తుంది, అది నిజమే. బీపీ వేరే సంగతి. ఇలాంటి యాప్ ఒకదాన్ని పట్టీ మిషనుతో పోల్చి చూసి 2016లో ఒక వైద్య పత్రికలో రాశారు. నిజంగా బీపీ ఎక్కువున్న ప్రతి ఐదుగురిలో దాదాపు నలుగురికి అది నార్మల్ అనే చూపించిందట. నిత్యం మంచివార్త చెప్పే యాప్‌ని చూస్తే నాకే భయం.

వాచీ గురించి: చర్మం గుచ్చకుండా తనంతట తానే షుగర్ కొలిచే వాచీకీ, ఉంగరానికీ దేనికీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. చేతికి అంటించుకునే సెన్సర్లు వేరు. వాటికి చర్మం కిందికి వెళ్లే సన్నటి తీగ ఉంటుంది. అవి మంచివే. అయితే అవి కొలిచేది రక్తంలో షుగర్ కాదు, కణాల మధ్య ద్రవంలోది, అందుకే కొన్ని నిమిషాలు వెనకబడి ఉంటాయి. ఒళ్లు చెమటలు పట్టి వణుకుతుంటే, సెన్సర్ బాగుందన్నా సరే, వేలు గుచ్చి చూసుకోండి.

ప్రశ్న: నా వాచీ "గుండె లయ తప్పింది" అంది. రాత్రంతా నిద్ర లేదు. నాకు 58. నిజంగా జబ్బేనా?

జవాబు: బాబూ, అది చూడాల్సిన సంగతే, కానీ తీర్పు కాదు. వాచీ అడుగున ఆకుపచ్చ లైటు చర్మంలోకి పోయి, గుండె కొట్టుకున్న ప్రతిసారీ రక్తం ఎంత పారిందో చూస్తుంది. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య ఎడం అడ్డదిడ్డంగా ఉంటే గంట కొడుతుంది. 2019లో అచ్చైన ఒక పెద్ద అధ్యయనంలో 4 లక్షల 19 వేల మందికి పైగా వాచీలు పెట్టుకుంటే, ఆ హెచ్చరిక వచ్చింది 0.52 శాతానికే. వాళ్లలో తర్వాత ఛాతీకి అంటించుకునే ఈసీజీ పట్టీ పెట్టుకుని తిప్పి పంపినవాళ్లని చూస్తే, 34 శాతం మందిలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె పైగదులు లయ తప్పి కొట్టుకునే జబ్బు, కనిపించింది. అలాగని మిగతావాళ్లకి ఏమీ లేదనలేం. అది వచ్చిపోయే జబ్బు, పట్టీ పెట్టిన వారంలో రాకపోయి ఉండొచ్చు. పక్షవాతానికి దారితీస్తుంది కాబట్టే డాక్టర్లు దాన్ని వెతుకుతారు. వాచీలో ఆ రికార్డు ఉంటే దాచి, ఈ వారమే చూపించుకోండి. ఒక్కటి గుర్తుంచుకోండి: గుండెపోటుని వాచీ పట్టలేదు. ఛాతీ బరువెక్కినప్పుడు దాని మొహం చూస్తూ కూర్చోవద్దు.

అన్నట్టు, గుండె ఫోనెక్కడం మన కాలం వింత కాదు. 1905లోనే లైడెన్ నగరంలో ఐంథోవెన్ అనే శాస్త్రవేత్త ఆస్పత్రిలో ఉన్న రోగుల ఈసీజీని టెలిఫోన్ తీగ మీద కిలోమీటరున్నర దూరంలోని తన ల్యాబుకి రప్పించుకున్నాడు.

ప్రశ్న: రిపోర్టులన్నీ ఫోన్లోకి ఎక్కించాను. పాత కాగితాలు పారేయొచ్చా?

జవాబు: నేను పారేశాను. పోయినేడాది మా ఆయన బాత్రూమ్‌లో పడ్డారు. అంబులెన్స్ కుర్రాడు ఏ మందులు వాడతారని అడిగాడు. రక్తం పలచబడే మాత్ర ఉందని తెలుసు, పేరు నోటికి రాలేదు. 31 ఏళ్ల సర్వీసు! అన్నీ ఆయన ఫోన్లోనే ఉన్నాయి, దానికేమో ఆయన వేలిముద్ర కావాలి, ఆ చేతికేమో కట్టు. ఎడమచేతి వేళ్లు ఒక్కొక్కటీ పెట్టి చూశాం, ఒక్కటీ పని చెయ్యలేదు.

లాక్ తియ్యకుండానే కనిపించేలా అత్యవసర సమాచారం పెట్టుకునే వీలు ఈ రోజుల్లో చాలా ఫోన్లలో ఉంది. మందులు, అలర్జీలు, ఎవరికి ఫోన్ చెయ్యాలో అక్కడ రాయండి. అదే కాగితం మీద కూడా రాసి తలుపు వెనక అంటించండి. మాది మా మనవరాలు స్కెచ్ పెన్నుతో రాసింది. రెండు మందుల పేర్లలో స్పెల్లింగ్ తప్పులు నేనే దిద్దాను.