ఓట్ల శాతం కాదు, దస్తావేజులో పేరు చూడండి

ప్రశ్న: మేమిద్దరం మగవాళ్లం. తొమ్మిదేళ్లుగా విశాఖ మధురవాడలో కలిసి ఉంటున్నాం. ఫ్లాట్ అతని పేరున ఉంది. ఈఎంఐలో సగం నేనే చేతికి ఇస్తున్నాను. అతని అన్నదమ్ములు నన్ను మనిషిగా కూడా చూడరు. 2015లో ఐర్లాండ్‌లో 62 శాతం మంది స్వలింగ వివాహానికి ఓటేశారు. మన దగ్గరా యువ ఓటర్లు ఎక్కువే కదా, అలాంటి ఓటింగ్ జరిగితే నాకు హక్కు వస్తుందా?

జవాబు: ఆ ఓటింగ్ కోసం ఎదురుచూడకండి. ఇలాంటి విషయాన్ని ప్రజల ఓటుకు పెట్టే ఏర్పాటు మన రాజ్యాంగంలో లేదు. తైవాన్‌లో 2018లో జనం వద్దని ఓటేశారు. అయినా అంతకుముందే వచ్చిన కోర్టు తీర్పు వల్ల 2019లో చట్టం వచ్చింది. ఇక్కడ సుప్రీంకోర్టు 2023 అక్టోబర్ 17న స్వలింగ వివాహాన్ని గుర్తించడం చట్టసభల పని అంది, 2025 జనవరిలో రివ్యూ పిటిషన్లనూ కొట్టేసింది.

మీ కేసును తేల్చేది దస్తావేజు. అందులో మీ పేరు లేదు. ఒకరి డబ్బుతో ఇంకొకరి పేరున ఆస్తి కొనడాన్ని బినామీ చట్టం నిషేధిస్తుంది. భార్య పేరున కొంటే అందులో మినహాయింపు ఉంది, మీకు లేదు. 'డబ్బు నాది, సగం నాది' అని దావా వేస్తే అవతలి వకీలు, అలాంటి దావా చెల్లదనే ఆ చట్టం 4వ సెక్షన్ చూపిస్తాడు. అతను హిందువై, పెళ్లి కాకుండా, వీలునామా రాయకుండా పోతే, తల్లి ఉన్నంతవరకు ఫ్లాట్ మొత్తం ఆవిడదే. ఆవిడా వీలునామా రాయకుండా పోతే అందులో ఆ అన్నదమ్ములకు వాటా వస్తుంది, మీకు రాదు.

తొమ్మిదేళ్లు డబ్బు చేతికిచ్చి ఒక్క చీటీ కూడా రాయించుకోలేదా? ఇది క్షమించలేని అజాగ్రత్త. అప్పుగా వసూలు చేయాలన్నా ఒక్కో మొత్తానికి మూడేళ్లే గడువు. గడువు దాటినదైనా, తిరిగి ఇస్తానని అతను రాసి సంతకం పెడితే కాంట్రాక్టు చట్టం 25(3) కింద చెల్లుతుంది. ఆ సంతకం ఈ వారమే తీసుకోండి.

పాత తేదీ స్టాంపు పేపరు తెచ్చి అగ్రిమెంటు రాసిస్తామనేవాళ్లు దొరుకుతారు. ఆ పని చచ్చినా చేయకండి. స్టాంపులు అమ్మే వెండర్ రిజిస్టరు చూస్తే బయటపడుతుంది. ఉన్న నిజమైన కేసూ పోయి మీరిద్దరూ ఫోర్జరీ ముద్దాయిలవుతారు.

అతను బతికి, మీతో మంచిగా ఉన్నాడు. మీకున్న బలం అదొక్కటే. బ్యాంకు అనుమతి తీసుకుని సగం వాటా మీ పేరున రిజిస్టరు చేయించుకోండి. కుటుంబసభ్యులకు ఉండే తక్కువ స్టాంపు డ్యూటీ మీకు రాదు, ఆ ఖర్చుకు వెనకాడకండి. అంతదాకా ఆగకుండా ముందే వీలునామా రాయించండి. దానికి స్టాంపు పేపరు అక్కర్లేదు, ఇద్దరు సాక్షులు చాలు. అయినా సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరు చేయించండి, రేపు అన్నదమ్ములు కోర్టుకెక్కితే అది పనికొస్తుంది. బ్యాంకు ఖాతాలో నామినీగా మీ పేరు పెట్టించుకోవచ్చు, 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ ఇది స్పష్టం చేసింది. అయితే నామినీ డబ్బు అందుకునేవాడే, యజమాని కాడు. వచ్చే నెల నుంచి మీ సగం మీ ఖాతా నుంచి నేరుగా లోన్ ఖాతాకే కట్టండి.