బెల్టు రాలేదని బెంగ వద్దు

ప్రశ్న: మా బాబుకు పద్నాలుగేళ్లు. ఏడాదిగా కుంగ్‌ఫూ నేర్చుకుంటున్నాడు. రోజూ పొద్దున మోకాళ్లు వంచి నిలబడటం తప్ప మాస్టారు ఇంకేమీ చెప్పట్లేదు. పక్కింటి పిల్లాడు కరాటేలో అప్పుడే రెండు బెల్టులు మారాడు. ‘చైనా విద్య మనకెందుకు, ఆ టైంలో చదువుకోమను’ అని మా బాబు వాళ్ల నాన్న కోపం చేస్తున్నారు. మాన్పించమంటారా?
– ఒక తల్లి, దేవరకొండ

జవాబు: మాన్పించకండమ్మా. మీ ఉత్తరం చదువుతుంటే మా అమ్మ గుర్తొచ్చింది. 1994లో నేను నల్లగొండలో కుంగ్‌ఫూకు చేరినప్పుడు ఆమెదీ ఇదే బాధ. గుర్రం మీద కూర్చున్నట్టు నిలబడే ఆ భంగిమను చైనావాళ్లు ‘మాబూ’ అంటారు. మా గురువుగారు ఎనిమిది నెలలు నాతో అదొక్కటే చేయించారు. పానగల్లు చెరువు కట్ట మీద అగరుబత్తి వెలిగించి మట్టిలో గుచ్చేవారు. అది ఆరేదాకా లేవకూడదు. మొదట్లో పావు వంతు కాలకముందే తొడలు వణికేవి, గడ్డం మీంచి చెమట బొట్లు నేల మీద పడేవి. ఆయన చప్పుడు లేకుండా వెనక నుంచి వచ్చి నడుం మీద రెండు వేళ్లతో నెట్టేవారు. మడమ లేచిందంటే కొత్త బత్తి, మళ్లీ మొదలు. ఎనిమిదో నెలలో ఒకరోజు అలాగే నెట్టారు. నేను కదల్లేదు. ఆయన ఏమీ అనలేదు. మర్నాడు మొదటి గుద్దు నేర్పారు.

కుంగ్‌ఫూ అంటేనే ఏళ్ల తరబడి కష్టపడి సంపాదించుకున్న పనితనం అని అర్థం. చేయి తిరిగిన వంటవాడి విషయంలోనూ వాళ్లు ఆ మాట వాడతారు. బెల్టు జపాన్ పద్ధతి. జూడో స్థాపించిన కానో జిగోరో 1880లలో నల్ల బెల్టు పెట్టారు, తర్వాత కరాటే కూడా అది తీసుకుంది. పక్కింటి బాబు కష్టాన్ని నేను తక్కువ చేయను, అది వేరే దారి. పాత చైనా విద్యల్లో బెల్టులే లేవు.

అయితే ఒకటి మాత్రం మీరే దగ్గరుండి చూడండి. మోకాళ్లు లోపలికి వాలకుండా కాలివేళ్లు చూసే వైపే ఉండాలి. తొడలు మండితే ఫర్వాలేదు. మోకాలి కీలులో నొప్పి వస్తే ఆ రోజుకు ఆపేయాలి. ఎదిగే పిల్లాడు, మరీ కిందికి కూర్చోనక్కర్లేదు. మూడు నెలల్లో సర్టిఫికెట్ అన్నచోట మా తమ్ముణ్ని చేర్చి, వాడి మోకాలు పాడుచేసుకున్నాం. అందుకే ఇంతగా చెబుతున్నాను.

ఇక వాళ్ల నాన్నగారి మాట. మీకు దగ్గర్లోనే ఉన్న నాగార్జునకొండలో బోధిశ్రీ అనే ఉపాసిక (సన్యసించని బౌద్ధ భక్తురాలు) వేయించిన ఇక్ష్వాకుల కాలపు శాసనం దొరికింది. బౌద్ధం చేరిన దేశాల వరుసలో అందులో ‘చీన’ కూడా ఉంది. చైనాలో కుంగ్‌ఫూకు పేరుపడ్డ షావోలిన్ ఆలయాన్ని 495లో కట్టించింది కూడా మన దేశం నుంచి వెళ్లిన ఒక భిక్షువు కోసమే. అలాగని బోధిధర్ముడనే మరో భిక్షువు వెళ్లి వాళ్లకు కుంగ్‌ఫూ నేర్పాడన్న కథను నేను పిల్లలకు చెప్పను. చరిత్రకారులు దాన్ని ఒప్పుకోరు. ఆ విద్యలో చెమట చైనావాళ్లది. చైనాలోని హెనాన్ రాష్ట్రంలో చెన్‌జియాగౌ అనే పల్లె ఉంది. చెన్ కుటుంబంవాళ్లు 17వ శతాబ్దం నుంచి తరతరాలుగా తైజీ (తాయ్‌చీ) అనే యుద్ధవిద్యను అక్కడ కాపాడుకొస్తున్నారు. 2020లో యునెస్కో దాన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. అంత భద్రంగా దాచుకున్నదాన్ని వాళ్లు మనకూ నేర్పుతున్నప్పుడు పరాయిదని వద్దనుకోవడం నాకు మనసొప్పదు.

చదువు గురించి టెన్షన్ పడకండి. పరీక్షల నెలలో పది నిమిషాలు నిలబడినా చాలు, రోజు మాత్రం తప్పకూడదు. వీలైతే ఒక పొద్దున వాళ్ల నాన్నగారిని కూడా తీసుకెళ్లి బాబు పక్కన రెండు నిమిషాలు అలా నిలబడమనండి. ఆ తర్వాత మాన్పించాలో వద్దో ఆయన్నే అడగండి.