లైసెన్స్ మార్చారు సరే, వాళ్లు తీసుకున్నదెప్పుడు?

ప్రశ్న: తొమ్మిదేళ్లు రాత్రిళ్లు కూర్చుని ఒక లాస్‌లెస్ (శబ్దంలో ఏమీ పోకుండా ఫైల్ సైజు తగ్గించే) ఆడియో కంప్రెషన్ ప్రోగ్రామ్ రాశాను. అందరూ అదే పెడుతున్నారని మొదట బీఎస్‌డీ అనే, ఆంక్షలు చాలా తక్కువున్న లైసెన్స్ పెట్టాను. 2.0 వెర్షన్ నుంచి జీపీఎల్‌కి మార్చాను; దాని ప్రకారం ఆ కోడ్ కలిపి పంచేవాళ్లు తమ సోర్స్ (ప్రోగ్రామ్ అసలు రాత) కూడా ఇవ్వాలి. ఒక కంపెనీ నా కోడ్‌ని తన రికార్డింగ్ యాప్‌లో కలిపి అమ్ముకుంటోంది. ఎక్కడా నా పేరు లేదు. సోర్స్ అడిగితే జవాబు లేదు. వాళ్ల యాప్‌లో తయారైన ఫైల్ హెడర్‌లో (ఫైల్ మొదట్లో వివరాలుండే భాగంలో) మాత్రం నా ప్రోగ్రామ్ పేరు, 1.4 అని వెర్షన్ ఉన్నాయి. నాలుగేళ్ల క్రితమే గమనించినా ఒంట్లో బాగోక ఊరుకున్నాను. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. పాత వెర్షన్ల లైసెన్స్ ఫైల్ కూడా జీపీఎల్‌గా మార్చేసి కేసు వేయమని మిత్రుడొకరు అంటున్నారు. వేయమంటారా?

జవాబు: మీ ఉత్తరంలో తొమ్మిదేళ్ల కష్టం ఉంది, ఒక అంకె ఉంది. కోర్టు చూసేది ఆ అంకెనే: 1.4.

జీపీఎల్ 2.0 నుంచి మొదలైందని మీరే రాశారు. వాళ్లు తీసుకున్నది 1.4 అయితే అది బీఎస్‌డీ కోడ్. దాన్ని ఎవరైనా తమ ప్రోగ్రామ్‌లో కలుపుకోవచ్చు, అమ్ముకోవచ్చు, సోర్స్ దాచుకోవచ్చు. మీకు చిల్లిగవ్వ ఇవ్వక్కర్లేదు. తర్వాత మీరు మనసు మార్చుకుంటే ఆ మార్పు కొత్త వెర్షన్ తీసుకున్నవాళ్లకే వర్తిస్తుంది. అందరూ పెడుతున్నారని లైసెన్స్ పెట్టేయడమేమిటండీ? ఫ్లాక్ అనే లాస్‌లెస్ ఆడియో సాఫ్ట్‌వేర్ సంగతే చూడండి. దాని లైబ్రరీకి (వేరే ప్రోగ్రాములు కలుపుకునే కోడ్‌కి) బీఎస్‌డీ, కమాండ్ లైన్ పరికరాలకు జీపీఎల్. ఆగ్ వోర్బిస్ అనే మరో ఆడియో ఫార్మాట్ లైబ్రరీని 2001లో ఎల్‌జీపీఎల్ (జీపీఎల్‌కి కాస్త సడలించిన రూపం) నుంచి బీఎస్‌డీకి మార్చారు, ఎక్కువమంది తయారీదారులు వాడుకోవాలని. ఎవరికి ఏం వదులుకుంటున్నారో వాళ్లకు తెలుసు.

అయితే హెడర్‌లో 1.4 అని ఉన్నంత మాత్రాన లోపలున్నదంతా 1.4 అని తేల్చేయలేం. పేరు పాతదే ఉంచి, 2.0 నుంచి కొన్ని ఫంక్షన్లు తెచ్చి అతికించి ఉండొచ్చు. దీన్ని తేల్చడం మీకు కష్టం కాదు. ఒకే వేవ్ ఫైల్‌ని మీ 1.4తో, మీ 2.0తో, వాళ్ల యాప్‌తో కంప్రెస్ చేయండి. సెట్టింగులు ఒకటే ఉండాలి. 2.0లో మీరు ప్రిడిక్షన్ పద్ధతి (తర్వాతి ధ్వని విలువను అంచనా వేసే లెక్క) మార్చి ఉంటే రెండు వెర్షన్ల ఫైళ్లు వేరుగా వస్తాయి. యాప్ ఫైల్‌లోని ఆడియో భాగం దేనితో బైటు బైటూ సరిపోతుందో చూడండి. 2.0తో సరిపోతే కేసు స్వరూపమే మారిపోతుంది. ఈ పని మీరొక్కరే గదిలో కూర్చుని చేయొద్దు. కేసుతో సంబంధం లేని నిపుణుడి చేత చేయించి, యాప్ కొన్న రసీదు, వెర్షన్, తేదీ, ఫైళ్ల హ్యాష్ విలువలు (ఫైల్‌లో ఏది మారినా మారిపోయే, వేలిముద్ర లాంటి సంఖ్యలు) అన్నీ రాయించి పెట్టుకోండి. ఇప్పటిదాకా వాళ్లు విడుదల చేసిన పాత వెర్షన్లు దొరికితే అవీ దాచండి, ఎందుకో కింద చెబుతాను.

ఇక మీ మిత్రుడి సలహా. అది సలహా కాదు, జైలుకి దారి. కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో ప్రతి కమిట్ (నమోదైన మార్పు) హ్యాష్ దాని ముందు కమిట్ హ్యాష్ మీద ఆధారపడి ఉంటుంది. పాత లైసెన్స్ ఫైల్ ఒక్కటి మార్చినా ఆ తర్వాతి హ్యాష్‌లన్నీ మారిపోతాయి. మీ రిపాజిటరీ (కోడ్, దాని చరిత్ర ఉన్న చోటు) కాపీలు ఎంతమంది దగ్గరున్నాయో మీకే తెలియదు. అవతలి లాయర్ ఒక పాత కాపీ తెచ్చి పక్కన పెడితే చాలు, బాధితుడిగా కోర్టుకెళ్లిన మీరు దొంగ సాక్ష్యం సృష్టించిన నిందితుడవుతారు. జీపీఎల్ ఉల్లంఘన అని యాప్ స్టోర్‌కి అబద్ధపు ఫిర్యాదు పంపడం కూడా ఇదే కోవలోకి వస్తుంది.

మరి మీ చేతిలో ఏమీ లేదా? ఉంది. బీఎస్‌డీ అడిగేది కొంచెమే: కాపీరైట్ నోటీసు, షరతులు, హామీ లేదన్న ప్రకటన, ఈ మూడూ ప్రోగ్రామ్‌తో పాటు ఇచ్చే పత్రాల్లోనో మరోచోటో కనిపించాలి. వాళ్లు అదీ చేయలేదు. ఉచితంగా ఇచ్చినదానికి షరతులేమిటని వాదిస్తే పనిచేయదు. 2008లో జేకబ్సన్ వర్సెస్ కాట్జర్ కేసులో అమెరికా ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు, ఉచిత సాఫ్ట్‌వేర్ లైసెన్స్‌లోని షరతులను కాపీరైట్ చట్టం కింద అమలు చేయించుకోవచ్చని చెప్పింది. అది ఆర్టిస్టిక్ లైసెన్స్ అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్ లైసెన్స్ కేసు, బొమ్మ రైళ్లను నడిపే సాఫ్ట్‌వేర్ గురించి. సూత్రం మీకూ పనికొస్తుంది.

అడ్డం వచ్చేది కాలపరిమితి. అమెరికాలో, భారతదేశంలో కాపీరైట్ పరిహారానికి గడువు మూడేళ్లు. మీరు నాలుగేళ్లు ఊరుకున్నారు. ఒంట్లో బాగోలేదని గడియారం ఆగదు. కాకపోతే వాళ్లు కొత్త వెర్షన్ విడుదల చేసిన ప్రతిసారీ కొత్త ఉల్లంఘన అని వాదించవచ్చు. గత మూడేళ్ల విడుదలలకు గడువు మిగిలే ఉంటుంది. పాత వెర్షన్లు తేదీలతో దాచమన్నది అందుకే.

ముందు లాయర్ నోటీసు పంపండి. ముప్పై రోజుల్లో యాప్‌లోనూ పత్రాల్లోనూ మీ కాపీరైట్ నోటీసు చేర్చాలని, పాత విడుదలలకు కూడా లెక్క చెప్పాలని అడగండి. పెద్ద పరిహారం మీద ఆశ పెట్టుకోకండి. డబ్బు కావాలంటే అదే ఉత్తరంలో 2.0కి సోర్స్ ఇవ్వనక్కర్లేని వాణిజ్య లైసెన్స్ అమ్ముతానని ప్రతిపాదించండి. అయితే 2.0లో వేరేవాళ్లు పంపిన ప్యాచ్‌లు (కోడ్ సవరణలు) ఉంటే వాటి హక్కు వాళ్లదే. వాళ్ల రాతపూర్వక అనుమతి లేకుండా మీరు అమ్మలేరు. ఆ తొమ్మిదేళ్లలో మీరు ఎక్కడైనా ఉద్యోగం చేసి ఉంటే, నోటీసు రాయకముందే ఆ ఒప్పందం తీసి కోడ్ హక్కుల గురించి ఏం సంతకం పెట్టారో చదవండి.