మూల దరువుని ముట్టుకోకు అల్లుడూ

పర్లాకిమిడి

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

నువ్వు తయారుచేస్తున్న సీక్వెన్సర్, అదే దరువుని స్టెప్పులుగా దాచుకుని తనంతట తానే వాయించే పెట్టె, దాని బోర్డు ఫొటోలు చూశాను. పదహారు స్టెప్పులు, ఎనిమిది ట్రాకులు, ట్రాక్‌కి రెండేసి ఎల్‌ఎఫ్‌ఓలు (శబ్దాన్ని నెమ్మదిగా ఊగించే అలలు). పని నీట్‌గా ఉంది. కానీ నువ్వు రాసిన ఫీచర్లలో ఒకటి నాకు ఎక్కడా కనబడలేదు. మార్చిన ప్యాటర్న్ మళ్లీ మొదటి రూపానికి ఎలా వస్తుంది?

నేను మొదట చేసిన పెట్టెలో మాడ్యులేషన్, అంటే వాయిస్తుండగా శబ్దాన్ని మార్చే పని, నేరుగా మెమరీలోని విలువలనే మార్చేసేది. పాతపట్నంలో ఒక జాతర రాత్రి నాబ్ కాస్త తిప్పేసరికి, సాయంత్రమంతా కూర్చుని కట్టిన దరువు కరిగిపోయింది. నాబ్ వెనక్కి తిప్పినా తిరిగి రాలేదు. ఆ తర్వాత తప్పెటగుళ్ల బృందం దిగింది. గుండె మీది తప్పెటని ఎన్ని రకాలుగా మార్చి కొట్టినా, ఎంత వేగం పెంచినా, అందరి అడుగూ ఒక్కచోటే పడుతోంది. తెల్లారేదాకా వాళ్లనే చూస్తూ కూర్చున్నాను.

అందుకే చెబుతున్నాను, స్టెప్‌లో రాసిన విలువని ఎప్పుడూ ముట్టుకోకు. మాడ్యులేషన్ వేరే పొరలో ఉండాలి. శబ్దం బయటికి వెళ్లే క్షణంలోనే రెండూ కలవాలి. మాడ్యులేషన్ ఎంత ఉండాలో చెప్పే డెప్త్ నాబ్‌ని సున్నాకి తెస్తే నువ్వు రాసిన దరువు రాసినట్టే వినబడాలి. మారిన రూపమే నచ్చితే దాన్ని ఖాయం చేయడానికి ఇంకో బటన్ పెట్టు, అదీ కొత్త చోట సేవ్ అయ్యేలా. కలిపేటప్పుడు హద్దు చూసుకో. వాద్యయంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మిడి భాషలో ఈ విలువలు 0 నుంచి 127 వరకే. 120కి 20 కలిస్తే 127 దగ్గర ఆగాలి. చుట్టు తిరిగి 12కి పడిందంటే శబ్దాన్ని వడగట్టే ఫిల్టర్ ఒక్కసారిగా మూసుకుపోతుంది.

ఇక గతులు. మృదంగం నేర్చుకున్నవాడివి, బీట్‌ని ఐదుగా కోసే ఖండగతి, ఏడుగా కోసే మిశ్రగతి లేకుండా నీ మనసు ఒప్పదు. యంత్రాలన్నీ ఒకే లయలో నడవడానికి మిడి క్లాక్ బీట్‌కి 24 టిక్కులు ఇస్తుంది. మూడుకీ నాలుగుకీ సరిపోతుంది గానీ ఐదుకీ ఏడుకీ కుదరదు. ఖండగతిలో నాలుగు దెబ్బలకి ఐదేసి టిక్కులిస్తే చివరిదానికి నాలుగే మిగులుతాయి. నిమిషానికి 120 బీట్ల టెంపోలో ఆ తేడా దాదాపు 20 మిల్లీసెకన్లు, చెవి వెంటనే పట్టేస్తుంది. లోపలి క్లాక్‌ని బీట్‌కి 2520 టిక్కులు చెయ్యి. 3, 4, 5, 7, 9 అన్నిటితోనూ శేషం లేకుండా భాగమవుతుంది కాబట్టి మన లయలోని ఐదు జాతులూ అందులో ఇముడుతాయి. 24కి 105 రెట్లు కనక బయటి క్లాక్‌తోనూ కలుస్తుంది. అదే టెంపోలో సెకనుకి 5040 టిక్కులు. ఇప్పటి మైక్రోకంట్రోలర్‌కి అదొక బరువు కాదు, టెన్షన్ పడకు.

స్వింగ్‌కి, అంటే జంటలో రెండో దెబ్బని కాస్త ఆలస్యం చెయ్యడానికి, రోజర్ లిన్ డ్రమ్ యంత్రాలు అలవాటు చేసిన 50–75 శాతం కొలతే ఉంచు.

మాడ్యులేషన్ వరస పొడవుని దరువు పొడవుకి కట్టెయ్యకు. 16 స్టెప్పుల దరువు మీద 5 స్టెప్పుల వరస నడిస్తే రెండూ 80 స్టెప్పులకి, అంటే దరువు ఐదు ఆవర్తాలు (చుట్లు) తిరిగాక కలుస్తాయి. 7 పెడితే 112కి. ఆ కలిసే చోటు ఇంకా ఎంత దూరముందో తెర మీద చూపించు. ముగింపు తీర్మానం వేసేటప్పుడు నువ్వు సమం, అంటే ఆవర్తం మొదలయ్యే చోటు, ఎక్కడుందో మనసులో లెక్కపెట్టుకుంటావు కదా. స్టేజ్ మీద చీకట్లో నీ పెట్టె వాయించే కుర్రాడికి ఆ లెక్కని పెట్టె తానే చూపాలి. మన ఊరి కీబోర్డు కుర్రాళ్లు ఒక రాత్రి తెలుగు పాటలకి, మర్నాడు ఒడియా పాటలకి వాయిస్తారు. పాట మధ్యలో దరువు మార్చక తప్పదు. బటన్ ఎప్పుడు నొక్కినా మార్పు తర్వాతి ఆవర్తం మొదట్లోనే రానీ.

ర్యాండమ్ పెట్టు, కానీ దానికి సీడ్, అంటే అదే వరసని మళ్లీ పుట్టించే అంకె, ఉండాలి. బాగా కుదిరిన మలుపుని మర్నాడు మళ్లీ వాయించలేకపోతే నాకు బాధగా ఉంటుంది.

మిడి కేబుల్ సంగతి మరచిపోకు. దాని వేగం సెకనుకి 31,250 బిట్లు, మూడు బైట్ల సందేశానికి దాదాపు ఒక మిల్లీసెకను పడుతుంది. ఎనిమిది ట్రాకులూ 5 మిల్లీసెకన్లకోసారి ఒక్కో విలువ పంపితే సెకనుకి 1600 సందేశాలు. అన్ని ఆ తీగ మొయ్యలేదు, దరువు ఆలస్యమైపోతుంది. నోట్‌ని ముందు పంపు. కంట్రోల్ విలువ నిజంగా మారితేనే పంపు.

దసరాకి వచ్చేటప్పుడు బోర్డు తీసుకురా. హెడ్‌ఫోన్‌లో కాదు, పెద్ద స్పీకర్ పెట్టి, తప్పెటగుళ్లు కొట్టేవాళ్లని పిలిచి వినిపిద్దాం. అక్కని అడిగానని చెప్పు.

మీ మావయ్య