యురేనియం సల్ఫైడ్‌తో పని మొదలుపెట్టే ముందు

చి. సుధకు పెదనాన్న ఆశీస్సులు.

పీహెచ్‌డీకి యురేనియం మోనోసల్ఫైడ్ (యురేనియం, గంధకం కలిసిన సమ్మేళనం) తీసుకున్నావని నాన్న చెప్పాడు. ఇంట్లో అందరికీ రేడియేషన్ టెన్షన్ పట్టుకుందట. ఆ ల్యాబులో నువ్వు ఎక్కువగా కాచుకోవాల్సింది ధూళినీ, గాలినీ.

సహజ యురేనియంలో 99 శాతానికి పైగా యురేనియం-238. దాని అర్ధాయువు, అంటే సగం క్షీణించడానికి పట్టే కాలం, 447 కోట్ల ఏళ్లు. అంత నిదానంగా క్షీణిస్తుంది కాబట్టి కొద్ది గ్రాముల నుంచి బయటికి వచ్చే రేడియేషన్ తక్కువే. ఆల్ఫా కణాలను చర్మం పైపొరే ఆపేస్తుంది. బీటా మాత్రం ఉంటుంది, ఒంటికి తగిలిన రేడియేషన్‌ను లెక్కగట్టే టీఎల్‌డీ బ్యాడ్జ్ లేకుండా లోపలికి వెళ్లకు. అసలు ముప్పు ఊపిరితో లోపలికి పోయే పొడితో. పైగా ఒంట్లో కరిగిన యురేనియం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. రేడియేషన్ లేకపోయినా అది విషమే.

తయారీలో తొందర వద్దు. లోహాన్ని హైడ్రోజన్‌లో వేడి చేస్తే వచ్చే హైడ్రైడ్ పొడి గాలి తగిలితే దానంతటదే అంటుకోగలదు. గాలి చొరబడకుండా ఆర్గాన్ వాయువు నింపిన గ్లవ్‌బాక్స్ పెట్టె దాటనివ్వకు. తర్వాత ఆ పొడిని సల్ఫైడ్‌గా మార్చడానికి వాడే హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాస్ మరీ మోసకారి. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారుతుంది. వాసన తగ్గిందంటే గ్యాస్ తగ్గిందనుకోకు, డిటెక్టర్‌నే నమ్ము. చివర శూన్యంలో 1,900 డిగ్రీల దాకా వేడి చేయాలి, అక్కడ క్వార్ట్జ్ గొట్టం నిలవదు.

ఎక్స్‌రేలో మామూలు ఉప్పు లాంటి ఘనాకార నిర్మాణం, దాదాపు 5.49 ఆంగ్‌స్ట్రాముల అంచు కనిపించగానే సంబరపడకు. ఒకటి రెండు శాతం ఆక్సైడ్ ఉన్నా ఎక్స్‌రే కొలతలో అది సులువుగా కనబడకుండా పోతుంది. అయస్కాంత కొలతలో అది దాగడం కష్టం. ఈ సల్ఫైడ్ దాదాపు 177 కెల్విన్ కింద అయస్కాంతంలా మారుతుంది, ఆ మార్పు చూడముచ్చటగా ఉంటుంది. కానీ అక్కడితో ఆపేయకుండా ఇంకా కిందికి కొలువు. 31 కెల్విన్ దగ్గర వంపు కనిపిస్తే అది యురేనియం డయాక్సైడ్, 55 దగ్గరైతే ఆక్సిజన్ కూడా కలిసిన ఆక్సీసల్ఫైడ్. ఎక్కడో గాలి చొరబడిందన్నమాట. ఆ శాంపిల్‌తో పేపర్ రాయొద్దమ్మా.

యురేనియం ముట్టుకునే ముందు ఇదే పద్ధతంతా సీరియం అనే లోహంతో చేసి చూడు. సీరియం మోనోసల్ఫైడ్‌ది కూడా ఇదే నిర్మాణం, రేడియోధార్మికత బెడద లేదు. 1940లలో అమెరికాలోని బర్కిలీలో కరిగిన లోహాల కోసం దానితోనే మూసలు (లోహం కరిగించే పాత్రలు) తయారుచేశారు. ఇత్తడి రంగులో మెరుస్తుంది. మెరుపు తగ్గి మసకబారితే లీకు ఎక్కడుందో ముందు వెతుకు, యురేనియం సీసా అప్పుడే తెరవకు. మొదటి కొలత గ్రాఫ్ నాకు పంపు, ఇద్దరం కలిసి చూద్దాం.

పెదనాన్న